తవుడుకి అమ్మిన పిల్ల

మా తవిటమ్మ రక్తం ఎక్కించుకుని వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగైదు రోజులూ దానికి పట్టపగ్గాలుండవు. మిరియాల తీగ పాకిన చెట్టు ఎక్కొద్దని పొద్దున్నుంచి మూడుసార్లు అరిచాను. నాలుగోసారి అరిచే ఓపిక లేక ఇది రాయడానికి కూర్చున్నాను. ఇంకో పదిహేను రోజులు పోతే ఇదే పిల్ల బడి నుంచి వచ్చి, సంచి గుమ్మంలో పడేసి, గోడకి చేరబడి కూర్చుంటుంది. అప్పుడు నాకు ఏ పనికీ చెయ్యాడదు.

దానికి తలసీమియా. కావలసిన రక్తాన్ని దాని ఒళ్ళు తయారు చేసుకోలేదు. మూడు వారాలకోసారి బయటి నుంచి ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, అది పోవడానికి రోజూ మాత్ర వెయ్యాలి. ఎన్నాళ్ళు అంటే, ఎన్నాళ్ళైనా. ఇప్పుడు దానికి పదో ఏడు. పాచిపెంట వైపు నుంచి, రాజవొమ్మంగి వైపు నుంచి కూడా నా నంబరు సంపాదించి తల్లులు ఫోన్ చేస్తున్నారు. ఇంత ఖర్చు ఎలా తట్టుకున్నావమ్మా అని అడుగుతారు. నాది కాస్త దురుసు నోరు. ఫోన్లో మంచి చెప్పినా కసిరినట్టే ఉంటుందని మా ఆయన అంటాడు. అందుకే నా తప్పులతో సహా కాగితం మీద నెమ్మదిగా చెబుతున్నాను.

పది నెలలప్పుడు

మా ఊరు అరకు నుంచి జీపులో ముప్పావు గంట, ఆ పైన నడక. మాకు ఎకరంన్నర కాఫీ తోట ఉంది. నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీద మిరియాలు, మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు. నేను ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ అయ్యాక ఈ ఊరికి కోడలిగా వచ్చాను. పిల్ల పుడితే అంజలి అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు పది నెలలే నిలిచింది.

పది నెలలకి పిల్ల పాలిపోయింది. పొట్ట ఉబ్బింది. వారం విడిచి వారం జ్వరం. అరకులో చూపిస్తే రక్తం బాగా తక్కువగా ఉంది, కిందకి తీసుకెళ్ళి పరీక్షలు చేయించండి అన్నారు. అవి కాఫీ పళ్ళు ఎర్రబడే రోజులు. కోత అయ్యాక వెళ్దాం అనుకున్నాం. మా అత్త మాత్రం అంతవరకు ఆగలేదు.

"నాకు ముందు ఇద్దరు పోనారే గౌరీ. ఇలగే తెల్లగా అయిపోయి పోనారు. మూడోవోడిని తవుడుకి అమ్మేసినాను. నీ మొగుడు బతికి బట్టకట్టినాడా, నేదా?"

మా ఆయన పేరు తవిటయ్య ఎందుకైందో నాకు ఆ రోజే తెలిసింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పుట్టిన బిడ్డలు నిలవని ఇంట్లో, ఉన్న బిడ్డని చేటలో పెట్టి పొరుగావిడకి తవుడుకి అమ్మేస్తారు. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, గుప్పెడు తవుడు పాటి విలువ కూడా చెయ్యదు అనుకుని పట్టిన పీడ వదిలిపోతుందని నమ్మకం. బిడ్డ ఉండేది కన్నవాళ్ళ ఇంట్లోనే. కానీ కొత్తవాళ్ళు ఎవరైనా ఎవరి బిడ్డ అని అడిగితే కొన్నావిడ పేరే చెప్పాలి. కన్నతల్లి నోరుజారి నాది అందంటే అమ్మకం చెల్లదు. పెళ్ళప్పుడు మళ్ళీ కొనుక్కుని పీటల మీద కూర్చోబెడతారు.

మా పక్కింటి చిలకమ్మకి అప్పటికే నలభై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను ఆవిడని అప్పా అని పిలుస్తాను, అక్క వరస. మా అత్త కబురు చేస్తే తవుడు చేటతో వచ్చింది. నేను చేట అంచు పట్టుకుని, ఇది మూఢనమ్మకం అని నాకు తెలిసినదంతా చెప్పాను. అత్త ఒక్క మాట అంది.

"నీకు సదువుంది. నాకు పోయిన బిడ్డలున్నారు."

నేను చేట వదిలేశాను. అంజలి కాస్తా తవిటమ్మ అయింది. మాటలు వచ్చాక చిలకమ్మని అమ్మా అనీ, నన్ను పిన్నీ అనీ పిలవడం నేర్పారు. మొదటిసారి పిన్నీ అన్నప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పొగ కళ్ళలో పడిందని చెప్పాను.

చిత్రమేమిటంటే, అమ్మిన నెలలో పిల్లకి జ్వరాలు తగ్గాయి. దాంతో మేము పరీక్షలకి కిందకి వెళ్ళలేదు. ఇది నా మొదటి తప్పు.

ఆ తర్వాతి ఏడు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చారు. నేను తోటలో ఉన్నాను. గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లని చూపించి ఎవరి పాప అని అడిగారట. అత్త పక్కనే నిలబడి చిలకమ్మ పేరు చెప్పింది. చిలకమ్మ వేలిముద్ర వేసింది. పిల్ల పేరు తవిటమ్మగా ఆవిడ రేషన్ కార్డులోకి ఎక్కింది, ఆధార్ కూడా ఆవిడ పేరు మీదే వచ్చింది. సాయంత్రం నాకు చెబితే నవ్వాను. కాగితం ముక్కే కదా, తర్వాత మార్పించుకోవచ్చులే అన్నాను. ఇది రెండో తప్పు, మొదటిదాని కన్నా పెద్దది.

మూడో ఏడు

మూడో ఏట పుష్యమాసం చలిలో పిల్ల నడుస్తూ నడుస్తూ కూలబడిపోయింది. పెదాలు కాగితంలా ఉన్నాయి. మా ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని జీపు దాకా పరుగెత్తాడు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి చేరాం. రెండు రోజుల పరీక్షల తర్వాత ఆ రోగం పేరు విన్నాం. మా అత్తకి పోయిన ఇద్దరు పిల్లలూ ఎందుకు పోయి ఉంటారో కూడా నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట అత్తకి చాలా కాలం చెప్పలేదు.

ఆస్పత్రుల్లో నాకు ముందు అర్థమైంది బెంచీలు. ఏ బెంచీ ఎండ పడని చోట ఉందో, ఏ బెంచీ మీద కూర్చుంటే పేరు పిలిచినప్పుడు వినిపిస్తుందో తెలియడానికి రెండు మూడు రాకలు పడుతుంది. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి జరిగి చోటిస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, నా చేతిలో చీటీలు చూసి, ఏ చీటీ ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో చెప్పి, సగం అరటిపండు నా చేతిలో పెట్టింది. మళ్ళీ ఆవిడని చూడలేదు.

రక్తానికి డబ్బు తీసుకోలేదు. ఖర్చంతా దాని చుట్టూ ఉంది. మాత్రలు, బయట చేయించే పరీక్షలు, రాకపోకలు, పోయిన కూలి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే మాత్రలూ పరీక్షలూ కూడా అందులోనే వస్తాయని చెప్పారు. రేషన్ కార్డులో ఉన్న పేర్లే అందులోకి ఎక్కుతాయి. మా కార్డు తీసి చూపిస్తే అందులో పిల్ల లేదు. అప్పుడు గానీ నా నవ్వు ఎంత పని చేసిందో తెలిసిరాలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇందుకే అంటారు.

మొదటి మూడు నెలలు తీగ మీద ఉన్న మిరియాలని పండకముందే వ్యాపారికి ఇచ్చేసి గడిపాం. పచ్చి మీద అమ్మితే ఏం వస్తుందో కొండమీద వాళ్ళందరికీ తెలుసు. తర్వాత అమ్మడానికి ఏమీ లేదు. మా భూమి మా పేరు మీదే ఉంటుంది గానీ, ఏజెన్సీ భూమని తాకట్టుకి ఎవరూ తీసుకోరు. మా ఆయన పని కోసం హైదరాబాద్ వెళ్ళిపోతానన్నాడు. నువ్వెళ్తే పిల్లని ఎత్తుకుని కొండ దిగేదెవరని నేను గట్టిగా అరిచాను. ఆ అరుపు గోడ అవతలికి వినిపించింది. చిలకమ్మ తన కార్డు చీర కొంగులో ముడివేసుకుని వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"నా కార్డులో ఉంది కదేటి తవిటమ్మ గుంట. నానొస్తాను. నానే తల్లినని సెప్తాను. అబద్ధమేటి? కొనుక్కున్నాను కదా."

బెంచీ మీద ఐదేళ్ళు

ఆ తర్వాత ఐదేళ్ళు అలాగే నడిచింది. మూడు వారాలకోసారి తెల్లవారుతూనే ముగ్గురం కొండ దిగేవాళ్ళం. బస్సులో కిటికీ పక్కన చిలకమ్మ, ఆవిడ ఒళ్ళో పిల్ల, ఇటు చివర నేను. వార్డులోకి పిల్లతో ఒక్కరినే రానిచ్చేవారు. కాగితాల మీద తల్లి చిలకమ్మ. కాబట్టి ఆవిడ లోపల, నేను బయట.

లోపల ఏం జరుగుతుందో నాకు తలుపు తెరిచినప్పుడు కొంచెం, మూసినప్పుడు వినికిడి మీద కొంచెం తెలిసేది. సూది గుచ్చినప్పుడు పిల్ల ఏడుపు వినిపిస్తే నేను లేచి నిలబడేదాన్ని. వెంటనే చిలకమ్మ గొంతు వినిపించేది. ఘాట్‌లో రైలు సొరంగాల్లోంచి పోయే కథ ఒకటి ఆవిడే కల్పించి చెప్పేది. ఏడుపు ఆగేది. ఏడుపు ఆగినందుకు సంతోషించాల్సింది పోయి, నాకు ఒళ్ళు మండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. నా కూతురి ఏడుపు ఆపినందుకు ఆవిడ మీద నాకు కోపం వచ్చేది. తిరుగు బస్సులో ఆవిడతో మాట్లాడేదాన్ని కాదు. ఆవిడ ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.

మాత్రని నీళ్ళలో కరిగించి తాగించాలి, ఇనప గ్లాసులోనో స్టీలు గ్లాసులోనో కలపకూడదు, గాజుదే వాడండి అని చెప్పారు. కొన్న గాజు గ్లాసులు పిల్ల చేతిలో రెండు పగిలాయి. మా అత్త అటకెక్కి ఎండిన ఆనపబుర్ర తీసి, సగానికి కోసి, లోపల గీకి కడిగి ఇచ్చింది. "ఇది నోహమూ కాదు, పగలదూ" అంది. ఇప్పటికీ మందు అందులోనే.

కోత రోజుల్లో మేము ఆసుపత్రికి వెళ్తే మా వరసలు ఎవరు కోస్తారు? కాఫీ పండు ఎర్రబడ్డాక ఆగదు, రాలిపోతుంది. మా ఊళ్ళో కోత వంతుల మీద నడుస్తుంది. ఇవాళ నీ తోటలో అందరం, రేపు నా తోటలో అందరం. నేను నా వంతు తీర్చలేకపోయేదాన్ని. అయినా ఊరి ఆడవాళ్ళు మా తోటలో పళ్ళు కోసి బుట్టలు వరండాలో పెట్టి వెళ్ళేవారు. ఎవరు కోశారో చెప్పేవారు కాదు. చెబితే బదులు తీర్చడానికి పోతానని వాళ్ళకి తెలుసు.

ఒక వర్షాకాలం చిలకమ్మకి మలేరియా వచ్చింది. వణుకుతూ కూడా బయల్దేరబోయింది, మా ఆయన వద్దన్నాడు. ఆవిడ వేలిముద్ర లేక ఆ నెల మాత్రలు రాలేదు. రెండు వారాలకి సరిపడేవి డబ్బాలో ఉంటే, నేను వాటిని సగానికి విరిచి నెల దాటించాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత పరీక్షలో ఇనుము పెరిగిందని తేలితే ఎందుకు పెరిగిందో నాకు ఒక్కదానికే తెలుసు. నాలా చెయ్యకండి. మాత్రలు లేకపోతే లేవని నోరు తెరిచి చెప్పండి. ఎక్కడో ఒక చోట దొరుకుతాయి.

చిలకమ్మ నెత్తురు

పిల్లకి ఎనిమిదేళ్ళు నిండాక వార్డుకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పాత ఫైలు అంతా చదివి, తల్లిదండ్రుల రక్తపరీక్ష ఇందులో ఎక్కడా లేదేమిటి అంది. తండ్రి పోయాడని చిలకమ్మ చెప్పింది. ఆవిడ లెక్కలో అదీ అబద్ధం కాదు. అయితే మీదే ఇవ్వండి అని రక్తం తీసుకున్నారు.

మూడు వారాల తర్వాత వెళ్ళినప్పుడు నేను నా బెంచీ మీద ఉన్నాను. తలుపు తోసుకుని చిలకమ్మ బయటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒలే గౌరీ, బేగి రాయే. నా నెత్తురు మనల్ని పట్టిచ్చేసినాది."

ఆ విధంగా ఐదేళ్ళలో మొదటిసారి నేను ఆ గది లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ కోప్పడలేదు. తల్లిలోనూ తండ్రిలోనూ లోపం కొంచెం కొంచెం ఉంటేనే పిల్లకి ఇలా వస్తుందనీ, ఈవిడ రక్తంలో అలాంటిదేమీ లేదనీ చెప్పి, "మరి ఈవిడ తల్లి ఎలా అవుతుంది?" అని అడిగింది.

నేను చేట దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. చిలకమ్మ పక్కన నిలబడి, జైలుకి పంపిస్తే తనని ఒక్కదాన్నే పంపమంటోంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మమ్మ పేరు కూడా తవిటమ్మేనమ్మా," అంది.

కానీ ఆవిడ చేతుల్లో లేనిది కూడా చెప్పింది. "నాకు తెలిశాక ఈ కార్డు మీద నేను సంతకం పెట్టలేను. రక్తం ఎలాగూ ఎక్కిస్తాం, దానికి భయం లేదు. మాత్రలూ పరీక్షలూ మాత్రం పేరు మీ కార్డులోకి మారేదాకా మీరే చూసుకోవాలి. ఆలస్యం చెయ్యకండి."

నెలకి సరిపడా మాత్రలు బయట కొంటే మాకు వచ్చేదానికీ దానికీ పొంతన లేదు. మహా అయితే నాలుగు నెలలు లాగగలం. ఆ పైన ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలియలేదు. మా ఆయన ఈ ఐదేళ్ళలో కొన్న రెండావుల్నీ సంతకి తోలుకెళ్ళాడు.

ఇద్దరు సాక్షులు కాదు, ఊరంతా

ఆఫీసుకి వెళ్తే కంప్యూటర్ ముందున్న కుర్రాడు మంచివాడే. పాపం చాలాసేపు వెతికాడు. ఒక కార్డులోంచి పేరు తియ్యాలంటే తనకి రెండే దారులు కనిపిస్తున్నాయని చెప్పాడు. మనిషి చనిపోయి ఉండాలి, లేదా పెళ్ళై వెళ్ళి ఉండాలి. మా అత్త కూడా వచ్చింది. విని లేచి నిలబడింది.

"ఆ మొదటి మాట ఇంకోపాలి అనకు బాబూ. రెండోదంటావా, ఎనిమిదేళ్ళ గుంటకి పెళ్ళేటి?"

చివరికి పై అధికారికి అర్జీ పెడితే విచారణకి రాశారు. రెండో నెల వీఆర్వో గారు మా ఊరు వచ్చారు. మైదానం మనిషి, ఎక్కి వచ్చిన ఆయాసంతో అరుగు మీద కూర్చున్నారు. ఊరంతా చేరింది. ఆయన పిల్లని ముందు నిలబెట్టి అడిగారు.

"ఈ పాప ఎవరి పాప?"

"సిలకమ్మ గుంట బాబూ," అన్నాడు ముందు వరసలో ముసలాయన.

"నేను అడిగేది కన్నతల్లి ఎవరని."

"సిలకమ్మే. మాకు తెల్దేటి?"

ఒకరి తర్వాత ఒకరు, పదిమంది పెద్దలు, నాకు పురుడు పోసినావిడతో సహా, అదే మాట చెప్పారు. ఎవరి మొహంలోనూ తడబాటు లేదు. నా మీద కక్ష ఉండి కాదు. ఆ వారం పిల్ల రక్తం బాగా తగ్గి ఉంది. కొత్తమనిషి ముందు నిజం చెబితే పీడ వింటుందని, దానికేమైనా అవుతుందని భయపడ్డారు. ఊరంతా కలిసి నా కూతుర్ని కాపాడుతోంది, ఆ కాపాడ్డంలోనే దాని మందు పోతోంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

వీఆర్వో గారు నా వైపు తిరిగారు. "అర్జీ పెట్టింది నువ్వే కదమ్మా. నువ్వు చెప్పు, ఎవరి పాప?"

నేను ఇంటర్ చదివాను. మూఢనమ్మకం అని చేట పట్టుకుని వాదించినదాన్ని. నాది అన్న రెండక్షరాలు నోట్లోంచి రాలేదు. పిల్ల నా ఎదురుగా తెల్లటి పెదాలతో నిలబడి ఉంది. నేను నాది అన్న మరుక్షణం దానికేదైనా అయితే? ఇంత చదువూ ఆ ఒక్క ప్రశ్న ముందు పనికి రాలేదు. తల దించుకున్నాను. ఆయన రాసుకుని, నిట్టూర్చి, కొండ దిగిపోయారు.

ఖరీదు

ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. తెల్లవారాక మా ఆయన అన్నాడు. "అమ్మినోళ్ళం కొనుక్కుంటే సరి. అప్పుడు ఊరు నిజమే సెప్తాది." అత్త ఒప్పుకోలేదు. పెళ్ళికి ముందు కొనుక్కోవడం ఎక్కడా లేదంది. అప్పుడు నేను ఇన్నాళ్ళూ దాచిన మాట చెప్పాను. నీ ఇద్దరు బిడ్డలూ పీడ పట్టి పోలేదు అత్తా, ఈ రోగంతోనే పోయి ఉంటారు, అప్పుడు మందు లేదు, ఇప్పుడు ఉంది, ఆ మందు ఒక కార్డు అవతల ఉంది అని. అత్త గుమ్మం వైపు తిరిగింది. తర్వాత, "అయితే నా బిడ్డలు నాను సరిగ్గా సూసుకోక పోనేదన్నమాట," అంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ మోస్తున్నది అదని నాకు అంతవరకు తెలియదు.

చిలకమ్మని అడగడానికి నేనే వెళ్ళాను. ఆవిడ చోళ్ళు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. మూడు రోజులు జవాబు చెప్పలేదు. ఆవిడ ఇవ్వనంటే ఏం చెయ్యాలి? ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఐదేళ్ళు కూలి పోగొట్టుకుని నా పిల్లతో కొండ దిగింది. తిరుగు బస్సులో నేను ఆవిడతో మాట్లాడను కూడా లేదు.

మూడో రోజు సాయంత్రం ఆవిడే వచ్చింది.

"కార్డులో నా పేరు కింద ఇంకో పేరుండేది గౌరీ. ఎవురైనా సదివి సెప్తే బాగుండేది. ఇప్పుడు ఒంటి పేరైపోతాది."

నేను ఖరీదు అడిగాను. చీర పెడతాం, కుంచెడు చోళ్ళు ఇస్తాం, ఇంకేం కావాలో చెప్పమన్నాను.

"సీరెందుకే నాకు. మూడు వారాలకోపాలి నన్ను కూడా తీసుకెల్లండి. ఆ కిటికీ పక్క సీటు నాదే. అదీ ఖరీదు."

నాకు ఏడుపు వచ్చింది. ఈసారి పొగ మీద పెట్టలేదు.

ఆదివారం నాడు ఊరందరి ముందూ అత్త చేట పట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల చేటలో పట్టదు కాబట్టి చేటలో రెండు పాదాలూ పెట్టి నిలబడి పకపకా నవ్వింది. చిలకమ్మ దాని చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. మూడో నెల వీఆర్వో గారు మళ్ళీ కొండెక్కి వచ్చి, నమ్మకం లేని మొహంతో అదే ప్రశ్న అడిగారు. ముందు వరస ముసలాయన, "గౌరి గుంట బాబూ," అన్నాడు. "పోయినసారి చిలకమ్మ పాప అన్నావు కదయ్యా?" అని ఆయన గట్టిగా అడిగితే, "అప్పుడు సిలకమ్మదే. మొన్న ఆదివారం కొనుక్కున్నారు," అని నింపాదిగా జవాబిచ్చాడు. వీఆర్వో గారు కలం మూసి, మళ్ళీ తెరిచి, నన్ను అడిగారు.

"నాదండీ," అన్నాను. గట్టిగానే అన్నాను. చెట్టు మీద పిట్టలు కూడా ఎగరలేదు. పిల్లకి ఏమీ కాలేదు.

ఇప్పుడు

నాలుగో నెల చివర కార్డు వచ్చింది. డబ్బాలో ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి. ఈసారి ఒక్కటి కూడా విరవలేదు.

చదువుతున్న తల్లులకి నేను చెప్పేది ఇదే. పిల్ల పాలిపోతే కోత అయ్యేదాకా ఆగకండి, రక్తపరీక్ష చేయించండి. తవుడుకి అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకోండి, నేను కాదనను, దాని వల్లే నా కూతురికి చిలకమ్మ దొరికింది. పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కన్నవాళ్ళ పేరు రాయించండి. పీడకి చదువు రాదు, కార్డు చూడదు.

కొత్త కార్డుతో మొదటిసారి వెళ్ళినప్పుడు బస్సులో కిటికీ పక్కన చిలకమ్మే కూర్చుంది. ఆసుపత్రిలో తల్లి ఎవరు అంటే నేను లేచాను. ఐదేళ్ళు మూసిన తలుపు చూసినదాన్ని, పిల్ల చెయ్యి పట్టుకుని దర్జాగా లోపలికి వెళ్ళాను. మంచం మీద కూర్చోబెట్టాను. నర్సు సూది తీసింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. రైలు కథ నాకు మొదలు తెలుసు, చివర తెలుసు, మధ్యలో ఏముందో తెలియదు. తలుపు బయట నుంచి అంతా వినిపించేది కాదు.

"పిన్నీ," అంది పిల్ల కళ్ళు తెరవకుండానే, "అమ్మని పిలవవా?"

దాని చెయ్యి నెమ్మదిగా వదిలాను. తర్వాత నర్సుని ఆగమని బయటికి వచ్చాను. చిలకమ్మ నేను కూర్చునే బెంచీ మీద, నేను కూర్చునే మూలనే, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలుపు వైపే చూస్తోంది.

"ఎల్లప్పా," అన్నాను. "సూదప్పుడు నీ వంతు. తర్వాత నాది."

ఆవిడ సంచి నా చేతిలో పెట్టి గబగబా లోపలికి వెళ్ళింది. నేను ఆవిడ లేచిన చోట కూర్చున్నాను. బెంచీ ఇంకా వెచ్చగా ఉంది.